రీస్టోర్ చేయించిన 1974 ఆల్ఫా జీటీవీ అమ్మాలంటే: ధర, ఫైలు, బేరం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. 2016లో 24,000 డాలర్లకు 1974 మోడల్ ఆల్ఫా రోమియో 2000 జీటీవీ అనే ఇటాలియన్ కూపే కొన్నారు. తర్వాత దాన్ని మొత్తం విప్పించి, తుప్పు కోయించి, రంగు వేయించి, ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించారు. దానికి ఇంకో 80,000 అయింది. ప్రతి బిల్లూ దాచారు. రెండు లావుపాటి ఫైళ్లు, ఫోన్‌లో వెయ్యికి పైగా ఫొటోలు, ఇటలీలో అరేసె నుంచి తెప్పించిన ధ్రువపత్రం ఉన్నాయి. ఇప్పుడు లక్షా పదివేలు అడగొచ్చా, ఆన్‌లైన్ వేలంలో పెట్టాలా లేక డీలర్‌కు ఇవ్వాలా, ఫ్యాక్టరీ రంగు ఆకుపచ్చ, ఇప్పుడున్నది ఎరుపు అన్న సంగతి చెప్పాలా అని మీ సందేహం. "అడిగితే చెప్పు, లేకపోతే ఊరుకో" అన్నాడట మీ స్నేహితుడు.

చేదు మాట ముందే చెప్పేస్తాను: లక్షా పది రాదు. పెట్టిన ఖర్చుకూ వచ్చే ధరకూ ఈ బళ్లలో చుట్టరికం లేదు. టింకరింగ్ వాడికి మీరిచ్చిన కూలి గంటలను కొనేవాడు లెక్కలోకి తీసుకోడు. ఇలాంటివే ఇంకో నాలుగు కార్లు ఈ మధ్య ఎంతకు పోయాయో చూస్తాడు, అంతే. మీరూ అదే చూడండి. అడుగుతున్న ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు. అదీ ఏడాది, ఏడాదిన్నర లోపువి. పాత కార్లకు ఇన్సూరెన్సు ఇచ్చే హ్యాగర్టీ వాళ్ల ధరల పట్టిక కార్లను ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులుగా విడదీస్తుంది. ఒకటంటే ప్రదర్శనల్లో బహుమతులు కొట్టే కారు. రెండంటే చూడగానే బ్రహ్మాండంగా ఉండి, దగ్గరికెళ్లి వెతికితే చిన్న చిన్న లోపాలు దొరికే కారు. సొంతదారులందరూ తమది ఒకటో తరగతి అనుకుంటారు. మీరు రాసిన దాన్ని బట్టి మీది రెండు. నా అంచనాలో 65,000 నుంచి 80,000 డాలర్ల మధ్య నిలుస్తుంది. ఆ మధ్యలో ఎక్కడ ఆగుతుందన్నది మాత్రం మీ ఫైలు తేలుస్తుంది.

ఎందుకంటే ఇది అరుదైన బండి కాదు. బెర్టోనె డిజైన్ సంస్థలో పనిచేస్తున్నప్పుడు కుర్ర డిజైనర్ జుజారో గీసిన ఈ కూపే 1963లో మొదలై 1970ల మధ్య దాకా రకరకాల ఇంజిన్లతో వచ్చింది. రెండు క్యామ్‌షాఫ్టుల అల్యూమినియం ఇంజిన్, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఆ రోజుల్లో ఆ ధరకు ఇవన్నీ ఇచ్చిన కంపెనీలు తక్కువ. అందుకే జనం ఇప్పటికీ ఎగబడతారు. రేసుల కోసం పల్చటి అల్యూమినియం రేకులతో చేసిన జీటీఏ అయితే దాని లెక్కే వేరు, ధరా వేరు. మీ 2000 జీటీవీ విషయంలో మాత్రం కొనేవాడికి ఎంచుకునే వీలుంది. ఒకేలా మెరుస్తున్న రెండు ఎర్ర జీటీవీలు పక్కపక్కన పెడితే, వాడు ఎక్కువ డబ్బు పెట్టేది తనను తక్కువ భయపెట్టే కారుకే.

ఆ భయం ఎక్కడుంటుందో తెలిస్తే ఫైలు ఎలా పెట్టాలో మీకే అర్థమవుతుంది. ఈ కార్లకు మొదటి శత్రువు తుప్పు. అందులోనూ తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే సిల్స్. అది ఒక్క రేకు కాదు. బయట కనపడేది ఒకటి, దాని వెనక మరొకటి, లోపల ఇంకొకటి. నీళ్లు ఆ రేకుల మధ్య చేరి లోపలి నుంచి తింటాయి. కారు బలమంతా అక్కడే. పాడైన సిల్‌ను కోయకుండా దాని మీదే కొత్త బయటి రేకు తొడిగి, వెల్డింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు కొడితే చేత్తో తడిమినా తెలియదు. మార్కెట్లో అలాంటివి చాలా తిరుగుతున్నాయి. కాబట్టి బయటి రేకు ఊడదీసి, మధ్య రేకు కోసి, కొత్తది పెట్టి, దాన్ని మూసేయకముందు తీసిన ఫొటో ఒక్కటి మీ దగ్గరుంటే, మెరిసే పెయింట్ ఫొటోలు యాభై కన్నా అదే ఎక్కువ విలువ చేస్తుంది.

ఆ ఫొటోలోనూ ఒక మెలిక ఉంది. అది మీ కారేనని ఎలా తెలియాలి? దగ్గర్నుంచి తీసిన వెల్డింగ్ ముక్క ఏ కారుదైనా కావచ్చు. మీ వెయ్యి ఫొటోల్లో ముందు కాస్త దూరం నుంచి తీసినవి వెతకండి. తలుపు చట్రం, డ్యాష్‌బోర్డు, పాత ఆకుపచ్చ రంగు మిగిలిన చోటు, ఏదో ఒక గుర్తు అదే ఫ్రేములో పడినవి. దాని పక్కన దగ్గరి ఫొటో పెట్టండి. తారీఖు కింద రాయండి. ముందు ఎలా ఉంది, కోశాక ఎలా ఉంది, కొత్త రేకు, ప్రైమర్, చివరికి రంగు. ఎడమ సిల్‌కు ఈ ఐదు, కుడి సిల్‌కు ఈ ఐదు. తర్వాత ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ గుంట, రేడియేటర్ కింద అడ్డపట్టీ, ముందు అద్దం కింది మూలలు, వెనక చక్రాల పైన అంచులు. మొత్తం అరవై ఫొటోలు దాటనివ్వకండి. మిగతావన్నీ ఒక ఆన్‌లైన్ ఫోల్డర్లో ఉంచి, కావాలన్నవాళ్లకు లింకు పంపండి. వెయ్యి ఫొటోలు ఒకేసారి గుమ్మరిస్తే ఎవరూ చూడరు. పైగా ఏదో దాచడానికే ఇలా పోశారేమో అని అనుమానం వస్తుంది.

బిల్లులకూ ఇదే పద్ధతి. "బాడీ వర్క్, 42 గంటలు" అని ఉన్న బిల్లు మీ ఖర్చుకు రుజువే తప్ప పనికి రుజువు కాదు. "ఎడమ సిల్ మూడు పొరలూ మార్పు" అని ఉంటే అది పనికి రుజువు. వివరం లేని బిల్లుల విషయంలో ఆ షాపు వాళ్లను అడిగి, ఏం చేశారో ఒక పేజీ రాయించి సంతకం పెట్టించుకోండి. వాళ్లు ఇంకా షాపు నడుపుతున్నప్పుడే ఆ పని కానివ్వండి. అన్నిటికీ ముందు ఒక్క పేజీ సారాంశం ఉండాలి: తారీఖు, షాపు, పని, మొత్తం, దానికి సంబంధించిన ఫొటో నంబరు. కొనేవాడు ఇరవై నిమిషాల్లో బండి చరిత్రంతా చదివేయగలగాలి. స్కాన్ చేసేటప్పుడు కార్డు నంబర్లు, మీ ఇంటి అడ్రసు, పాత సొంతదారుల ఫోన్ నంబర్లు కొట్టేయండి. అసలు కాగితాలు డబ్బు ఖాతాలో పడ్డాకే ఇవ్వండి, అంతదాకా కాపీలు చాలు.

ఇక అరేసె పత్రం. ఆల్ఫా మ్యూజియం దగ్గరున్న పాత రికార్డుల నుంచి ఆ శాసి (కారు చట్రం) ఎప్పుడు తయారైంది, ఏ రంగులో, ఏ దేశానికి వెళ్లింది లాంటివి తీసి ఇస్తారు. చాలామంది దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెడతారు గానీ జాగ్రత్తగా చదవరు. మీది చదవండి. అందులో మీ ఇంజిన్ నంబరే ఉందా, లేక ఇంజిన్ రకం మాత్రమే ఉందా? రకం మాత్రమే ఉంటే ప్రకటనలో "మ్యాచింగ్ నంబర్స్" (ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇప్పటికీ ఉంది) అన్న మాట రాయొద్దు. అమెరికాకు వచ్చిన 2000 సీసీ జీటీవీకీ, ఆల్ఫా వాళ్లవే ఇతర మోడళ్లు స్పైడర్‌కూ, బెర్లీనాకూ ఒకే 01500 రకం ఇంజిన్ పెట్టారు. అంటే ఎప్పుడో ఎవరో స్పైడర్ ఇంజిన్ తెచ్చి ఇందులో దించినా రకం సరిపోతూనే ఉంటుంది. "ఇంజిన్ ఈ మోడల్‌కు సరైన రకం, నంబరు ఇదీ" అని రాసి ఊరుకోండి. తెలిసినవాళ్లు ఆ ఒక్క వాక్యంతోనే మిమ్మల్ని నమ్మడం మొదలుపెడతారు. అలాగే ఇంజిన్ గదిలో, వెనక గోడ రేకు మీద కొట్టిన శాసి నంబరు, ప్లేటు మీది నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు మూడూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఏ కాలంలోనో గుమాస్తా ఒక అంకె తప్పు కొట్టి ఉంటే డీఎంవీలో (రాష్ట్ర వాహన రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఇప్పుడే సరిచేయించండి. వేలం అయిపోయి కొన్నవాడు డబ్బు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

రంగు సంగతి. మీ స్నేహితుడి మాట వినకండి. పత్రంలో "వెర్దె పీనో" అని అచ్చులో ఉందని మీరే అంటున్నారు. మీరు ఫైల్లో పెట్టబోయే విప్పిన ఫొటోల్లో ఆకుపచ్చ కనిపిస్తూనే ఉంటుంది. డ్యాష్ వెనకా, డిక్కీ మూత లోపలా ఎక్కడో ఒకచోట పాత రంగు మిగిలే ఉంటుంది. దాచినా దాగని దాన్ని దాచి, మిగతా నిజాలన్నీ అనుమానంలో పడేసుకోవడం ఎందుకు? రెండో పేరాలోనే రాయండి: ఫ్యాక్టరీ రంగు ముదురు ఆకుపచ్చ, రీస్టోరేషన్‌లో ఆల్ఫా ఎరుపు వేయించాం, ఇంజిన్ గదీ డిక్కీ లోపలా సహా. లోపలిదాకా వేయించారా లేదా అన్నదే అసలు ప్రశ్న. పైన ఎరుపు, లోపల ఆకుపచ్చ అయితే అది రీస్టోరేషన్ అనిపించుకోదు, పైపూత. నన్నడిగితే మీరు ఆకుపచ్చే వేయించి ఉండాల్సింది, ఈ రోజుల్లో ఆ రంగు వెతుక్కుంటూ వస్తున్నారు. ఇప్పుడు మాత్రం మళ్లీ రంగు వేయించే ఆలోచన పెట్టుకోకండి. ఆ డబ్బు తిరిగి రాదు.

మీరు ప్రశ్న చివర్లో, బ్రాకెట్లో ఒక మాట అన్నారు: స్పీకా ఇంజెక్షన్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే పంపు) తీసేసి రెండు వెబర్ కార్బొరేటర్లు పెట్టించాం, పాత పంపు గరాజ్‌లో డబ్బాలో ఉంది అని. అది బ్రాకెట్లో పడేసే మాట కాదు. అమెరికా పొగ నిబంధనల కోసం ఆల్ఫా ఇక్కడికి పంపిన జీటీవీలకు 1969 నుంచి స్పీకా మెకానికల్ ఇంజెక్షన్ పెట్టింది. సెట్టింగ్ తెలిసిన మెకానిక్ దొరకక చాలామంది దాన్ని పీకేశారు. ఇప్పుడు గాలి మారింది. మంచి స్పీకా ఉన్న కారు కావాలనేవాళ్లూ ఉన్నారు, వెబర్ల శబ్దం కోసం పడిచచ్చేవాళ్లూ ఉన్నారు. మీ పంపు, థ్రాటిల్ బాడీలు, లింకేజీ, గొట్టాలు అన్నీ ఒక గుడ్డ మీద పరిచి ఫొటో తీసి, "కారుతో పాటే ఇస్తాం" అని రాయండి. రెండు రకాల వాళ్లూ మీ బేరంలోకి వస్తారు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ (పొగ) పరీక్ష లేదు కాబట్టి మీ రాష్ట్రంలో కొనేవాడికి ఆ చిక్కూ లేదు.

అమ్మే ముందు ఏం బాగుచేయించాలి? చిన్నవి. వెలగని బ్రేకు లైటు, ఆగిపోయిన గడియారం, బిగుసుకున్న కిటికీ హ్యాండిల్. టైర్ల పక్కన డీఓటీ కోడు చివరి నాలుగు అంకెలు చూడండి. 2315 అని ఉంటే 2015లో ఇరవై మూడో వారంలో తయారైందని. ట్రెడ్ ఎంత ఉన్నా ఆ టైర్లు మార్చేయండి, 165 ఆర్ 14 సైజు ఇప్పటికీ దొరుకుతుంది. పాత టైర్లు కనపడితే "ఇది చేయించనివాడు ఇంకేం చేయించి ఉంటాడు" అనుకుంటారు. సెకండ్ గేరు చల్లగా ఉన్నప్పుడు గీరుతుందా? ఈ గేర్‌బాక్సులకు అది పుట్టుకతో వచ్చిన జబ్బు. గేర్‌బాక్సు విప్పించనక్కర్లేదు, వీడియోలో వినిపించనివ్వండి. వీడియో అంటే పాట పెట్టి డ్రోన్‌తో తీసింది కాదు. రాత్రంతా నిలిపి ఉంచిన ఇంజిన్‌ను పొద్దున్నే సెల్ఫ్ కొట్టడం, సైలెన్సర్ వైపు నుంచి పొగ, ఆయిల్ ప్రెషర్ ముల్లు చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా, తర్వాత పది నిమిషాల డ్రైవింగ్ కట్ లేకుండా. లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్లలోంచి గాలి ఎంత కారిపోతుందో చూసేది) చేయించి నాలుగు సిలిండర్ల అంకెలూ పెట్టండి. రేడియేటర్ మూత తీసి లోపలి నీళ్లు ఒక ఫొటో. హెడ్ గాస్కెట్‌లో ఆయిల్ దారుల చుట్టూ ఉండే చిన్న రబ్బరు రింగులు పోతే ఆయిల్ నీళ్లలో కలుస్తుంది, అందుకే తెలిసినవాడు మొదట అక్కడ చూస్తాడు.

ఎక్కడ అమ్మాలి? మీ దగ్గర ఇంత కాగితం ఉన్నప్పుడు నేనైతే బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి ఆన్‌లైన్ వేలమే అంటాను. అక్కడ అమ్మేవాడి ఖర్చు తక్కువ, కమీషన్ కొన్నవాడి మీద పడుతుంది. ముఖ్యంగా అక్కడ చూసేవాళ్లు చదువుతారు. మాంటెరీ కార్ వీక్‌లో జరిగే పెద్ద వేలాల్లో మీ కారు కోట్ల డాలర్ల ఫెరారీల మధ్య రెండు మూడు నిమిషాల్లో పోతుంది, మీ ఫైలు తిప్పి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు. డీలర్ దగ్గర పెడితే మీకు తలనొప్పి ఉండదు గానీ పది శాతం దాకా పోవచ్చు, పైగా నెలలు పట్టొచ్చు. వారం రోజులు ఆఫీసు పని మధ్యలో ఓపిగ్గా జవాబులిచ్చే తీరిక మీకు లేకపోతే మాత్రం డీలరే నయం.

ఆ వారం తేలికేం కాదు. కామెంట్లలో ఈ కార్లు నలభై ఏళ్లుగా నడుపుతున్నవాళ్లుంటారు. ఒకాయన వచ్చి వెనక పిల్లర్ మీది ఆకుపచ్చ పాము బిళ్ల కొత్త కాపీ కదా అంటాడు. ఇంకొకాయన ఫ్లోర్ మ్యాట్లు ఆ ఏడాదివి కావంటాడు. మర్యాదగా, క్లుప్తంగా, ఫొటోతో జవాబివ్వండి. తెలియనిది తెలియదనండి. వాళ్లు ఏమీ కొనకపోవచ్చు, కొనేవాడు మాత్రం మీరు వాళ్లకిచ్చే జవాబులు చదువుతూ మౌనంగా కూర్చుంటాడు. రిజర్వ్ ధర (అంతకు తక్కువైతే అమ్మనని పెట్టేది) విషయంలో మన బేరం అలవాటు పక్కన పెట్టండి. పది చెప్పి ఏడుకు దిగుదాం అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. రిజర్వ్ మరీ ఎత్తున పెట్టి అమ్ముడుపోకపోతే, "ఇంతదాకా వచ్చి ఆగింది" అన్న అంకె అందరికీ కనపడుతూ ఉండిపోతుంది. మీరు నిజంగా వదులుకోగలిగే అట్టడుగు ధరే రిజర్వ్‌గా పెట్టండి. అది 60,000 దాటకుండా చూసుకోండి.

యూరప్ నుంచి ఎవరైనా అడిగితే కొట్టిపారేయకండి. ముప్ఫై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు స్థితిలో ఉన్న కారును అక్కడి కస్టమ్స్ సేకరణ వస్తువుగా ఒప్పుకుంటే దిగుమతి సుంకం ఉండదు, వ్యాట్ కూడా తగ్గుతుంది: జర్మనీలో 7 శాతం, నెదర్లాండ్స్‌లో 9 శాతం. ఒప్పించే బాధ్యత కొన్నవాడిదే అయినా, దానికి వాడుకునేది మీ ఫైలే. అరేసె పత్రం, పక్కన పెట్టిన స్పీకా భాగాలు మళ్లీ ఇక్కడ అక్కరకొస్తాయి.

బాగా ఆసక్తి ఉన్నవాడు తన మనిషిని పంపి కారు చూపించుకుంటాడు. ఆ వచ్చినవాడు రంగు మందం కొలిచే మైక్రాన్ మీటరు రంగు మీద ఆనిస్తూ చుట్టూ తిరుగుతాడు. డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, ఫ్లోరులో రబ్బరు బిరడాలు ఊడదీసి ఆ రంధ్రం అంచు మీద వేలు తిప్పుతాడు. మీరు పక్కన నిలబడి కథ చెప్పనక్కర్లేదు. కారును లిఫ్టు ఉన్న షాపులో పెట్టండి, సారాంశం పేజీ చేతికివ్వండి, కాఫీకి వెళ్లండి. మీటరులో ఎక్కడ అంకె ఎక్కువ వస్తుందో మీరే ముందు కొలిపించి రాసి ఉంచితే ఇంకా మంచిది. వెనక చక్రం అంచున కాస్త పుట్టీ ఉందని మీరు చెబితే అది సమాచారం, అతను కనిపెడితే అది బేరానికి ఆయుధం.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. వైర్ ట్రాన్స్‌ఫర్ ఒక్కటే. క్యాషియర్ చెక్కు తెస్తానంటే వాడి బ్యాంకుకే కలిసి వెళ్లి, అక్కడ కౌంటర్లో మీ కళ్లముందు రాయించండి. నకిలీ చెక్కులు మామూలైపోయాయి. డబ్బు జమ అయిందని మీ బ్యాంకు చెప్పాకే టైటిల్ మీద సంతకం. టెస్ట్ డ్రైవ్‌లో మొదట మీరు నడపండి, తర్వాత లైసెన్సు చూసి వాళ్లకివ్వండి. ట్రక్కు ఎక్కించే ముందు నాలుగు వైపులా, మీటరు రీడింగుతో సహా ఫొటోలు తీయండి. కారు చేతులు మారిన ఐదు రోజుల్లోపు డీఎంవీకి బదిలీ నోటీసు ఆన్‌లైన్లో పెట్టేయండి. లేకపోతే కొన్నవాడి టోల్ బిల్లులు, పార్కింగ్ చలాన్లు మీ ఇంటికొస్తాయి. ఇన్సూరెన్సు ఆ తర్వాతే ఆపండి.

ట్యాక్స్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. కొన్న ధరకు రీస్టోరేషన్ ఖర్చు కలిపితేనే మీ అసలు పెట్టుబడి తేలుతుంది. మీ విషయంలో అది 1,04,000 డాలర్లు. 75,000కు అమ్మితే లాభం లేదు కాబట్టి పన్నూ లేదు. అయితే సొంత వాడకం కారు కాబట్టి ఆ నష్టాన్ని వేరే లాభాల్లోంచి తీసేసుకోవడమూ కుదరదు. రేపెవరైనా అడిగితే 24,000కు కొని 75,000కు అమ్మారు, మిగతాదంతా లాభమేగా అనకుండా ఉండాలంటే ఆ 80,000కు రుజువులు మీ చేతిలో ఉండాలి. అసలు బిల్లులు కారుతో పాటు వెళ్లిపోతాయి. అందుకని ఫైలు అప్పగించే ముందు రోజు మొత్తం రెండు కాపీలు తీయించి, ఒకటి మీ దగ్గర, ఒకటి మీ ట్యాక్స్ లెక్కలు చూసే సీపీఏ దగ్గర పెట్టండి.